రెడ్ వైన్: ‘రూమ్ టెంపరేచర్’ అంటే మన రూమ్ కాదు.. ఈ ఎండల్లో ఎంత చల్లగా సర్వ్ చేయాలంటే..?

రెడ్ వైన్‌ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, రూమ్ టెంపరేచర్‌లోనే తాగాలి.. వైన్ గురించి కాస్తో కూస్తో తెలిసినవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఇది. మాటలో తప్పు లేదు. కానీ ఆ మాట పుట్టిన రూమ్ వేరు, మన రూమ్ వేరు. మే నెలలో విజయవాడలోనో, ఖమ్మంలోనో రాత్రి 8 గంటలకు కూడా హాల్లో 33, 34 డిగ్రీల వేడి ఉంటుంది. అల్మరాలో ఉన్న బాటిల్‌ని అలాగే తీసి గ్లాసులో పోస్తే ముక్కుకు ముందు తగిలేది ద్రాక్ష వాసన కాదు, స్పిరిట్ ఘాటు. వెయ్యి రూపాయల బాటిల్ అయినా, మూడు వేల బాటిల్ అయినా అప్పుడు ఒకేలా ఉంటుంది. ‘రెడ్ వైన్ నాకు పడదు, గొంతులో మంట’ అని ఒకసారి రుచి చూసి వదిలేసినవాళ్లు చాలామందే ఉంటారు. అందులో కొందరి విషయంలో తప్పు వైన్‌ది కాదు, దాన్ని పోసిన వేడిది.

ముందుగా ఒక మాట. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యం కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. మద్యపానం ఆరోగ్యానికి హానికరం. ఇది తాగమని చెప్పే కథనం కాదు. అలవాటు ఉన్నవాళ్లకు, ఇంటికొచ్చిన వాళ్లకు సర్వ్ చేయాల్సి వచ్చేవాళ్లకు సమాచారం మాత్రమే.

ఇంతకీ ఆ ‘రూమ్’ ఎక్కడిది..?

ఫ్రెంచ్ భాషలో ‘ఛాంబ్రే’ అని ఒక పదం ఉంది. ఛాంబర్ అంటే గది. బాటిల్‌ని గది వేడికి తీసుకురావడం అని దాని అర్థం. ఫ్రాన్స్‌లో పాత ఇళ్లకు, కోటలకు కింద నేలమాళిగ ఉండేది. వైన్ అక్కడ 10 నుంచి 12 డిగ్రీల చల్లదనంలో ఏళ్ల తరబడి పడుకునేది. భోజనానికి కొన్ని గంటల ముందు ఒక బాటిల్ పైకి తెచ్చి, డైనింగ్ రూమ్‌లో నిలబెట్టేవాళ్లు. ఆ రూమ్ కూడా ఏమంత వెచ్చగా ఉండేది కాదు. రాతి గోడలు, ఒక మూల కట్టెల పొయ్యి, బయట చలి. సెంట్రల్ హీటింగ్ రాకముందు ఐరోపా ఇళ్లలో 16 నుంచి 18 డిగ్రీలంటే బాగానే వెచ్చగా ఉన్నట్టు లెక్క.

అంటే ‘రూమ్ టెంపరేచర్’ అనే రూల్ పుట్టిందే చల్లటి వైన్‌ని కాస్త వెచ్చబెట్టడానికి. మనకు కావాల్సింది దానికి పూర్తిగా రివర్స్. అక్కడ కింద నుంచి పైకి తెస్తే సరిపోయేది, ఇక్కడ పై నుంచి కిందికి దించాలి. రూల్‌లోని పదాలను పట్టుకుని, అందులో ఉన్న అంకెను వదిలేయడంతోనే ఈ గందరగోళమంతా. నిజానికి సెంట్రల్ హీటింగ్ వచ్చాక ఐరోపా ఇళ్లే 20, 22 డిగ్రీలకు చేరాయి. అక్కడ కూడా ఇప్పుడు రెడ్ వైన్‌ని కాసేపు చల్లబరిచే పోస్తున్నారు.

‘మా ఇంట్లో ఏసీ ఉంది కదా’ అనుకుంటే అదీ సరిపోదు. 2020 నుంచి మన దేశంలో స్టార్ లేబుల్ ఉన్న రూమ్ ఏసీలు డిఫాల్ట్‌గా 24 డిగ్రీల సెట్టింగ్‌తో వస్తున్నాయి. గది 24కి వచ్చినా, రెడ్ వైన్‌కి కావాల్సిన దానికంటే అది ఆరేడు డిగ్రీలు ఎక్కువే. పైగా గది గాలి చల్లబడినంత త్వరగా బాటిల్‌లోని వైన్ చల్లబడదు. శీతాకాలంలో ఆదిలాబాద్ వైపు రాత్రి ఉష్ణోగ్రత సింగిల్ డిజిట్‌కి పడిపోయే రోజులు ఉంటాయి. ఆ పాత ఫ్రెంచ్ రూల్ మన దగ్గర అక్షరాలా పనిచేసేది అలాంటి రోజుల్లోనే!

వేడిలో ఏమవుతుంది..? మరీ చల్లబడితే ఏమవుతుంది..?

రెడ్ వైన్‌లో సాధారణంగా 12 నుంచి 15 శాతం వరకు ఆల్కహాల్ ఉంటుంది. ఆల్కహాల్ నీళ్లకంటే త్వరగా ఆవిరయ్యే పదార్థం. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగితే, ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. గది వేడిలో మరగదు గానీ, వైన్ ఎంత వెచ్చగా ఉంటే గ్లాసులో నుంచి అంత ఎక్కువగా పైకి లేస్తుంది. 30 డిగ్రీలు దాటిన వైన్‌లో పండు వాసనను ఈ ఆవిరి కప్పేస్తుంది. రుచి కూడా వదులైపోతుంది. పులుపు తగ్గినట్టు, తీపి పెరిగినట్టు అనిపించి, ఉడకబెట్టిన జామ్‌ని పల్చగా చేసి తాగుతున్నట్టు ఉంటుంది.

అలాగని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి తీసిన వెంటనే పోస్తే ఇంకో సమస్య. 4, 5 డిగ్రీల దగ్గర వాసనలు అసలు పైకి రావు. వాసన లేకపోతే వైన్‌లో సగం పోయినట్టే. దాంతోపాటు వగరు నెత్తికెక్కుతుంది. ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే టానిన్లే ఈ వగరుకు కారణం. నేరేడు పండు తిన్నాక నాలుక ఎండిపోయినట్టు ఉంటుంది కదా.. ఎక్కువసేపు మరిగిన డికాషన్ తాగితే దవడలు పట్టేసినట్టు ఉంటుంది కదా.. ఆ పనిచేసేది టానిన్లే. చల్లదనంలో ఈ వగరు, చేదు మరింత గట్టిగా తెలుస్తాయి. వైట్ వైన్‌లో టానిన్లు చాలా తక్కువ కాబట్టి దాన్ని బాగా చల్లగా తాగినా ఇబ్బంది ఉండదు. రెడ్‌ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు అనే మాట వెనుక ఉన్న అసలు కారణం ఇదీ. ‘మరీ చల్లగా వద్దు’ అన్నది నోటి నుంచి నోటికి వచ్చేసరికి ‘అసలు చల్లబరచొద్దు’గా మారిపోయింది.

ఏ వైన్‌కి ఎంత..?

అన్ని రెడ్ వైన్లకూ ఒకటే లెక్క కాదు. వగరు, బరువు ఎక్కువగా ఉండే క్యాబర్నే సావిన్యాన్, షిరాజ్ లాంటి వాటికి 16 నుంచి 18 డిగ్రీలు బాగుంటుంది. మన దేశంలో నాసిక్ చుట్టుపక్కల, బెంగళూరు దగ్గరి నంది హిల్స్ ప్రాంతంలో తయారయ్యే రెడ్స్‌లో ఎక్కువగా కనిపించేవి ఈ రెండు రకాలే, లేదా రెండూ కలిపిన బ్లెండ్‌లే. షాపులో తీసుకున్న బాటిల్ లేబుల్‌పై ఈ పేర్లు ఉంటే 17 దగ్గర గురి పెట్టుకుంటే చాలు. మెర్లో, సాంజియోవేజీ, టెంప్రనిల్లో లాంటివి 15, 16 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటాయి.

పినో నువార్, ఫ్రాన్స్‌లోని బోజోలే వైన్లు పల్చగా, వగరు తక్కువగా ఉంటాయి. వీటిని 12 నుంచి 14 డిగ్రీల దగ్గర తాగడం ఆ ప్రాంతాల్లోనే అలవాటు. ఇటలీలో లాంబ్రూస్కో అని నురగ వచ్చే రెడ్ వైన్ ఉంది, దాన్ని ఇంకా చల్లగా ఇస్తారు. ‘రెడ్ అంటే చల్లగా ఉండకూడదు’ అనే మాట వైన్ పుట్టిన దేశాల్లోనే చెల్లదన్నమాట.

గోవా వెళ్లొచ్చిన ప్రతి బ్యాచ్‌తో పాటు బ్యాగులో వచ్చే ‘పోర్ట్ వైన్’ సంగతేంటి..? అది తీపి వైన్. తీపి పదార్థం ఏదైనా వేడిగా ఉంటే వెగటు పుట్టిస్తుంది. 12 నుంచి 14 డిగ్రీలకు దించితే ఆ తీపి అదుపులోకి వస్తుంది.

గూగుల్‌లో కనిపించే ‘20 నిమిషాలు’ ఇక్కడ ఎందుకు చాలదంటే..

వైన్ చల్లబరచడం గురించి నెట్‌లో వెతికితే, రెడ్ వైన్‌ని 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి అనే సలహా తరచూ కనిపిస్తుంది. ఈ సలహా ఇచ్చేవాళ్ల ఇల్లు 21, 22 డిగ్రీల్లో ఉంటుంది. అక్కడి నుంచి 18కి దిగడానికి 20 నిమిషాలు ఇంచుమించు సరిపోతాయి. మన బాటిల్ 33 దగ్గర మొదలవుతుంది. 20 నిమిషాల తర్వాత కూడా అది 27 దగ్గరే ఉంటుంది. పట్టుకుంటే సీసా చల్లగా తగులుతుంది, లోపలి వైన్ మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే.

750 మిల్లీలీటర్ల మామూలు బాటిల్‌ని 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెడితే ఎంతసేపటికి 17 డిగ్రీలకు వస్తుందో లెక్కేస్తే రమారమి ఇలా ఉంటుంది. ఏసీ గదిలో 24 దగ్గరున్న బాటిల్‌కి 40 నిమిషాలు. 28 దగ్గరుంటే 55 నిమిషాలు. వేసవిలో 32, 33కి చేరిన బాటిల్‌కి గంటా పది నిమిషాలు. ఫ్రిజ్ నిండా సామాన్లుండి, పిల్లలు పది నిమిషాలకోసారి తలుపు తీస్తుంటే మరో పావుగంట కలుపుకోవాలి. తలుపులోని అరల కంటే లోపలి అర మేలు. డోర్ దగ్గర చల్లదనం తక్కువ.

సింపుల్‌గా గుర్తుపెట్టుకోవాలంటే.. ఏసీ గదిలోని బాటిల్‌కి ముప్పావు గంట, ఏసీ లేని గదిలోని బాటిల్‌కి గంటకు పైనే. గెస్టులు 8కి వస్తున్నారంటే ఆరున్నరకే పెట్టేయడం మంచిది. ఇంకా సులువైన దారి కూడా ఉంది. ముందు రోజే ఫ్రిజ్‌లో పెట్టేసి, పోసే ముందు బయటకు తీసి ఉంచడం. మన ఎండల్లో 4 డిగ్రీల బాటిల్ 16కి రావడానికి 45 నుంచి 55 నిమిషాలు పడుతుంది. టైమ్ తప్పే అవకాశం తక్కువ. ఒకవేళ ఇంకా చల్లగా ఉన్నా భయం లేదు, గ్లాసుని రెండు అరచేతుల మధ్య పట్టుకుంటే ఐదు నిమిషాల్లో దారికొస్తుంది. ఎక్కువ చల్లబడిన వైన్‌ని సరిచేయడం తేలిక. వేడెక్కిన వైన్‌తో అలా కుదరదు.

గెస్టులు గుమ్మంలో ఉన్నారు, బాటిల్ వేడిగా ఉంది..!

ఇలాంటప్పుడు ఫ్రిజ్ కాదు, బకెట్ కావాలి. బకెట్‌లో సగం ఐస్, సగం నీళ్లు పోసి బాటిల్‌ని మెడ దాకా ముంచాలి. ఉత్త ఐస్‌లో గుచ్చితే పెద్దగా లాభం ఉండదు. ఐస్ ముక్కల మధ్య గాలి ఉంటుంది, అది సీసాకు అంటుకోదు. నీళ్లయితే చుట్టూ అంటుకుని వేడిని లాగేస్తాయి. 32 డిగ్రీల బాటిల్ కూడా ఇలా 10 నుంచి 15 నిమిషాల్లో 17కి వస్తుంది. మధ్యలో రెండు మూడు సార్లు బాటిల్‌ని నెమ్మదిగా తిప్పాలి. గుప్పెడు కల్లుప్పు వేస్తే నీళ్లు సున్నా కంటే కిందికి దిగి పని ఇంకా త్వరగా అవుతుంది. కుల్ఫీలు అమ్మే బండివాళ్లు ఐస్‌లో ఉప్పు వేసేది ఎందుకో తెలిస్తే ఇదీ అర్థమైనట్టే.

డీప్ ఫ్రీజర్‌లో పెట్టి టీవీ ముందు కూర్చోవడం మాత్రం వద్దు. వైన్ దాదాపు మైనస్ 5, 6 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉంటుంది. గడ్డకట్టేటప్పుడు వైన్ ఉబ్బి కార్క్‌ని బయటకు నెడుతుంది, ఒక్కోసారి సీసానే పగులుతుంది. తప్పనిసరైతే ఫోన్‌లో 20 నిమిషాలకు అలారం పెట్టుకుని అప్పుడు పెట్టాలి.

కరెంట్ పోయిందా..? మన అమ్మమ్మల టెక్నిక్ ఒకటి ఉంది. తడి గుడ్డ చుట్టి గాలి తగిలేచోట పెట్టడం. మట్టికుండలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇది. నీరు ఆవిరవుతూ సీసాలోని వేడిని తీసుకెళ్తుంది. అయితే ఇది ఊరిని బట్టి పనిచేస్తుంది. నిజామాబాద్, రామగుండం లాంటి చోట్ల ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి బాటిల్ 23, 24 డిగ్రీల దాకా దిగే అవకాశం ఉంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో గాలిలోనే తేమ నిండిపోయి ఉంటుంది. అక్కడ చెమటే ఆరదు, ఇక గుడ్డ ఏం ఆరుతుంది..? ఎక్కడైనా సరే, ఈ పద్ధతిలో 17 దాకా దిగడం మాత్రం కష్టం.

‘లాల్ షరాబ్’కి సురేకారం చల్లదనం

ఇండియా ఎండలో రెడ్ వైన్‌తో తంటాలు కొత్తవేం కాదు. ఈస్ట్ ఇండియా కంపెనీ రోజుల్లో ఇక్కడున్న ఇంగ్లిష్ వాళ్లు ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి వచ్చే రెడ్ వైన్‌ని తెగ తాగేవాళ్లు. ఇక్కడి పనివాళ్లు దాన్ని ‘లాల్ షరాబ్’ అంటే, దొరలు దాన్నే ‘లోల్ ష్రబ్’ అని పలికేవాళ్లు. 1886లో వచ్చిన ‘హాబ్సన్ జాబ్సన్’ అనే ప్రసిద్ధ నిఘంటువులో కూడా ఈ మాట చేరింది. పెద్ద ఇళ్లలో నీళ్లు, వైన్ చల్లబరచడానికి ప్రత్యేకంగా ఒక మనిషి ఉండేవాడు. అతన్ని ‘ఆబ్‌దార్’ అనేవారు. అతని ఆయుధం సురేకారం. అవును, మందుగుండులో వాడే సురేకారమే. నీళ్లలో కరిగేటప్పుడు అది చుట్టూ ఉన్న వేడిని పీల్చేస్తుంది. ఆ నీళ్లలో సీసాని తిప్పుతూ ఉంటే లోపలిది చల్లబడుతుంది. అక్బర్ కాలం నాటికే ఈ పద్ధతి తెలుసు. అబుల్ ఫజల్ రాసిన ‘ఐన్-ఇ-అక్బరీ’లో సురేకారంతో నీళ్లు చల్లబరిచే సంగతి ఉంది.

ఆ తర్వాత ఐస్ వచ్చింది. అదీ అమెరికా నుంచి! బోస్టన్‌కి చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి అక్కడి చెరువుల్లో గడ్డకట్టిన మంచును కోయించి, రంపపు పొట్టులో కప్పి, 1833లో ఓడలో కలకత్తాకు పంపాడు. నాలుగు నెలల ప్రయాణంలో కొంత కరిగిపోయినా మిగిలింది హాట్ కేకులా అమ్ముడైంది. మద్రాసులో ఆ ఐస్ దాచడానికి 1842లో మెరీనా ఒడ్డున ఒక గుండ్రటి భవనం కట్టారు. అదే ఐస్ హౌస్. 1897లో స్వామి వివేకానంద బస చేసిన ఆ భవనాన్ని ఇప్పుడు వివేకానంద ఇల్లం అని పిలుస్తున్నారు. చెన్నై వెళ్లే తెలుగువాళ్లు బీచ్‌కి వెళ్తూ చూసే బిల్డింగే అది.

వేడి వల్ల పుట్టిన వైన్ కూడా ఒకటి ఉండటం విశేషం. పోర్చుగల్‌కి చెందిన మదైరా దీవి నుంచి ఓడల్లో వెళ్లిన పీపాలు ఉష్ణమండలం దాటేటప్పుడు నెలల తరబడి వేడెక్కేవి. పాడవ్వాల్సింది పోయి వాటికి కొత్త రుచి వచ్చింది. స్పిరిట్ కలిపిన వైన్ కావడంతో తట్టుకుంది. ఇప్పుడు ఆ దీవిలోనే కొన్ని రకాలను 45 నుంచి 50 డిగ్రీల దగ్గర కనీసం 3 నెలలు కావాలని వేడి చేస్తారు. మదైరా కథ విని మామూలు రెడ్ వైన్‌ని అటక మీద పడేస్తే మాత్రం ఆ మ్యాజిక్ జరగదు.

గ్లాసులో పోశాక..

ఎంత కష్టపడి 17 డిగ్రీలకు తెచ్చినా, 32 డిగ్రీల గదిలో గ్లాసులో పోసిన వైన్ పది నిమిషాల్లోనే మూడు, నాలుగు డిగ్రీలు పెరుగుతుంది. అందుకే మన దగ్గర పోసేటప్పుడు అసలు అంకె కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువలో పోయడం తెలివైన పని. గ్లాసు నిండా కాకుండా కొద్దికొద్దిగా, 75 నుంచి 100 మిల్లీలీటర్లు పోసి, బాటిల్‌ని మళ్లీ చల్లటి నీళ్ల బకెట్‌లో పెట్టాలి. ఇప్పుడు ఐస్ రెండు మూడు ముక్కలుంటే చాలు. వైన్ గ్లాసుకి పొడుగు కాడ ఉండేది కూడా షో కోసం కాదు. అరచెయ్యి 30 డిగ్రీలకు పైనే ఉంటుంది, గిన్నెభాగాన్ని పట్టుకుంటే ఆ వేడంతా వైన్‌కే వెళ్తుంది.

వైన్‌లో ఐస్ ముక్కలు వేయొచ్చా..? మంచి వైన్ అయితే వేయకపోవడమే మంచిది, నీళ్లు కలిసి పల్చబడిపోతుంది. అదే మామూలు, చవక రెడ్ అయితే నిక్షేపంగా వేయొచ్చు. స్పెయిన్‌లో ఎండలు మన ఎండలకు తీసిపోవు. అక్కడ రెడ్ వైన్‌లో లెమన్ సోడా పోసి, గ్లాసు నిండా ఐస్ వేసి తాగుతారు. దాని పేరే ‘టింటో డి వెరానో’, అంటే వేసవి రెడ్ వైన్. వైన్ దేశమే ఐస్ వేసుకుంటుంటే మనం మొహమాటపడాల్సిన పనిలేదు.

రెస్టారెంట్‌లో కూడా అంతే. తెచ్చిన రెడ్ వైన్ వెచ్చగా ఉంటే ‘ఐస్ బకెట్ ఇస్తారా’ అని అడగొచ్చు. వెయిటర్ వింతగా చూసినా సరే, బిల్లు కట్టేది మీరే. గ్లాసుల లెక్కన ఆర్డర్ చేసేటప్పుడు బాటిల్ ఎప్పుడు తెరిచారో కూడా అడగాలి. మూత తీసి బార్ కౌంటర్ మీద రెండు రోజులుగా ఉన్నదైతే ఎంత చల్లబరిచినా లాభం లేదు.

ఇక నంచుకోవడానికి ఏముంటుంది.. కోడి వేపుడో, గోంగూర మటనో. ఇక్కడ కూడా చల్లదనమే కాపాడుతుంది. ఆల్కహాల్ కారం మంటను ఎగదోస్తుంది. వేడి వైన్, పచ్చిమిర్చి కలిస్తే నోట్లో నిప్పే. వగరు తక్కువున్న పల్చటి రెడ్‌ని 13, 14 డిగ్రీల దగ్గర ఇస్తే కారం తిన్న నోటికి చాలా తేలిగ్గా ఉంటుంది.

అసలు సమస్య అల్మరాలో ఉంది

సర్వ్ చేసే రోజు గంట ముందు పడే జాగ్రత్త ఒకెత్తు, అంతకుముందు ఆ బాటిల్ ఎక్కడ పడుందన్నది ఇంకో ఎత్తు. వేడెక్కిన వైన్‌ని చల్లబరచొచ్చు. వేడికి చెడిపోయిన వైన్‌ని మాత్రం ఏ ఫ్రిజ్జూ బాగుచేయలేదు.

మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు ఉంటుంది గానీ, లోపల అమ్ముడయ్యేది ఎక్కువగా విస్కీ, బ్రాందీ, బీరు. బీరుకి ఫ్రిజ్ ఉంటుంది. వైన్ బాటిల్ మాత్రం పై అరలో, బల్బు కింద, దుమ్ము పట్టి నిలబడి ఉంటుంది. విస్కీకి వేడి పెద్దగా పట్టదు, వైన్‌కి పడుతుంది. వైన్ నిల్వకు 12 నుంచి 14 డిగ్రీలు మంచిది. 30 దాటిన వేడిలో వారాల తరబడి ఉంటే రుచి దెబ్బతింటుంది. అందుకే కొనేటప్పుడు ఏసీ ఉన్న షాపు, సరుకు త్వరగా తిరిగే షాపు చూసుకోవాలి. కార్క్ సీసా మూతి కంటే పైకి ఉబ్బి కనిపించినా, మూత కింద వైన్ కారిన జిగట మరక ఉన్నా ఆ బాటిల్ వేడి తిన్నదనే అర్థం. స్క్రూ మూత ఉన్న బాటిళ్లలో ఈ గుర్తు దొరకదు.

ఎక్కువ నష్టం జరిగేది గిఫ్ట్ బాటిళ్ల విషయంలో. అమెరికా నుంచి వచ్చిన తమ్ముడో, అల్లుడో డ్యూటీ ఫ్రీలో ఒక మంచి బాటిల్ తెస్తాడు. విదేశాల నుంచి వచ్చేవాళ్లు 2 లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు కాబట్టి ఇది మామూలే. ‘మంచి అకేషన్‌కి తీద్దాం’ అని దాన్ని షోకేస్‌లో పెడతారు. రెండు వేసవులు గడిచిపోతాయి. పై అంతస్తు అయితే స్లాబ్ వేడికి ఆ గది పగలంతా ఉడుకుతూనే ఉంటుంది. చివరికి గృహప్రవేశం రోజు తెరిస్తే ఇటుక రంగు, ఎండుద్రాక్ష ఉడకబెట్టిన వాసన. తాగితే ప్రమాదం లేదు, కానీ తాగబుద్ధి కాదు. పాతబడేకొద్దీ వైన్ బాగుంటుందన్న మాట నిజమయ్యేది కొన్ని రకాల విషయంలోనే, అదీ చల్లటి సెల్లార్‌లో ఉంచినప్పుడే. మామూలు బాటిల్‌ని మన ఇళ్లలో ఏడాదిలోపు తెరిచేయడమే మంచిది.

అప్పటిదాకా ఎక్కడ పెట్టాలి..? సెల్లార్ లేని ఇంట్లో ఫ్రిజ్‌లోని కూరగాయల డ్రాయరే దిక్కు. కాస్త ఎక్కువ చల్లదనమే అయినా, కొన్ని నెలలకు వేడి కంటే నయం. కార్క్ ఉన్న బాటిల్‌ని పడుకోబెట్టాలి. ఫ్రిజ్ పైన, గ్యాస్ స్టవ్ పక్కన, అటక మీద పెట్టకూడదు. ఎండలో నిలిపిన కారులో అసలు వదలకూడదు. కారు లోపల 50 డిగ్రీలు దాటడానికి ఎంతోసేపు పట్టదు. హైదరాబాద్‌లోనే కాదు, జూలైలో డాలస్, హ్యూస్టన్‌లలో వీకెండ్ షాపింగ్ చేసే తెలుగువాళ్లకూ ఇదే వర్తిస్తుంది. వైన్ ఆఖర్లో కొని నేరుగా ఇంటికెళ్లిపోవాలి.

చిన్న వైన్ కూలర్ కొనాలనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. తక్కువ ధరకు దొరికే థర్మోఎలక్ట్రిక్ మోడళ్లు బయటి వేడికంటే సుమారు 15 డిగ్రీలు మాత్రమే తగ్గించగలవు. ఏసీ గదిలో బాగానే పనిచేస్తాయి. 40 డిగ్రీల వరండాలో పెడితే 25 దగ్గర ఆగిపోతాయి. కంప్రెసర్ ఉన్నదైతే కాస్త సౌండ్ చేసినా ఈ ఇబ్బంది ఉండదు.

చల్లగా ఉంటే ఆల్కహాల్ తగ్గినట్టేనా..?

కాదు. ఇది తప్పకుండా తెలుసుకోవాల్సిన విషయం. చల్లబరిస్తే ఘాటు తెలియడం తగ్గుతుంది గానీ, 13 శాతం 13 శాతమే. గొంతులో మంట లేదు కదా అని వేసవిలో గబగబా తాగేస్తే ఎక్కేది ఎక్కుతూనే ఉంటుంది. పైగా ఆల్కహాల్ మూత్రాన్ని పెంచి ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. చెమటలు పట్టే రాత్రుల్లో ఇది రెట్టింపు ఇబ్బంది. గ్లాసు వైన్‌కి ఒక గ్లాసు నీళ్లు పక్కన ఉండాల్సిందే. ‘రెడ్ వైన్ గుండెకు మంచిదట’ అనే వాట్సాప్ మాటను కూడా పక్కన పెట్టాలి. ఆరోగ్యానికి సురక్షితం అని చెప్పదగ్గ మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. తాగి బండి తీస్తే డ్రంకెన్ డ్రైవ్ మిషన్‌కి వైన్, విస్కీ తేడా తెలియదు.

బాటిల్ మిగిలిపోతే..

ఒకే రాత్రి బాటిల్ ఖాళీ చేయాల్సిన అవసరం లేదు. మూత గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో నిలబెడితే రెడ్ వైన్ మూడు నుంచి ఐదు రోజులు తాగేలా ఉంటుంది. బయట వదిలేస్తే మాత్రం మన వేడికి మర్నాటికే వాసన మారుతుంది, నాలుగో రోజుకి వెనిగర్ దారి పడుతుంది. సగం బాటిల్ త్వరగా వెచ్చబడుతుంది కాబట్టి తాగే ముందు అరగంట బయట పెడితే చాలు. ఐదో రోజు కూడా మిగిలితే, పుల్లబడకముందే మటన్ నానబెట్టడానికి ఒక కప్పు పోసి ముగించేయొచ్చు. ఆ పనికి టెంపరేచర్‌తో పనిలేదు.